గోదావరి డెల్టాలో గేర్ బాక్స్ ఎందుకు అరుగుతుంది, ఎలా కాపాడుకోవాలి

కొవ్వూరు నుంచి నరసాపురం దాకా, రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఎంత తిరిగినా కారుకి ఒక్క ఘాట్ రోడ్డూ తగలదు. అంత చదునైన నేలలో గేర్ బాక్స్‌కి పనేముంటుంది, ఆ బాధ అరకు, మారేడుమిల్లి వైపు తిరిగేవాళ్లకే కదా అనుకోవడం మామూలే. కానీ భీమవరంలోనో అమలాపురంలోనో మెకానిక్ షెడ్డుకి వెళ్తే కింద దించి పెట్టిన గేర్ బాక్స్ కనిపించడం వింతేమీ కాదు. కొండలు లేకపోయినా డెల్టా రోడ్లు గేర్ బాక్స్‌ని వేరే రకంగా తింటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలవల గట్ల మీదే ఇక్కడ చాలా రోడ్లు నడుస్తున్నాయి. ఇరుకు గట్లు, ఎదురు బండికి దారివ్వడానికి వెనక్కి పోవడాలు, వంతెనల ఎత్తులు, బండ్లని ఏరు దాటించే పంటు రేవులు, ఏటా వచ్చే వరద నీళ్లు. అరుగుదల మొదలయ్యేది ఈ చోట్లలోనే.

ముందుగా లోపల ఏది అరుగుతుందో తెలియాలి. ఇప్పటి మాన్యువల్ కార్లలో ముందుకు నడిపే గేర్లన్నీ జతలు జతలుగా ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. గేర్ రాడ్డు కదిపినప్పుడు పళ్ల చక్రాలు కొత్తగా వచ్చి కలుసుకోవు. స్లీవ్ అనే ఒక కడియం పక్కకి జరిగి, మనం అడిగిన గేరుని షాఫ్టుకి బిగిస్తుంది. అలా బిగియాలంటే ముందు ఆ రెండూ ఒకే వేగంతో తిరగాలి. ఆ వేగాలు కలిపే పని సింక్రో రింగుది. చాలా కార్లలో ఇది ఇత్తడి జాతి లోహంతో చేసిన పల్చటి రింగు. గేరు పక్కనున్న కోన్ మీద రుద్దుకుంటూ ఆ రాపిడితోనే వేగం సరిచేస్తుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో ఈ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. మన పాత అంబాసిడర్లలో ఫస్ట్ గేరుకి ఇది ఉండేది కాదు. అందుకే ఆ బండి తోలినవాళ్లు కారు పూర్తిగా ఆగితే గాని ఫస్ట్ వేసేవారు కాదు. ఇప్పటి కారుకి కూడా ఆ అలవాటు మంచిదే.

సరైన ఆయిల్‌లో తిరిగే ఉక్కు పళ్లు సాధారణంగా కారు ఉన్నంత కాలం ఉంటాయి. ముందు పోయేది ఆ రింగు. తర్వాత బేరింగులు, స్లీవ్‌ని జరిపే ఫోర్కులు. వీటన్నిటి ఆయుష్షూ రెండు విషయాల మీద నిలబడి ఉంది. తొక్కినప్పుడు క్లచ్ ఇంజన్ నుంచి పూర్తిగా విడిపోతోందా? బాక్స్‌లో ఆయిల్ సరిపడా, శుభ్రంగా ఉందా? గేర్ బాక్స్ గురించి ఇచ్చే సలహాల్లో నూటికి తొంభై ఈ రెండింటి దగ్గరికే వచ్చి ఆగుతాయి. అయినా ఎక్కువమంది ఇంజన్ ఆయిల్ గుర్తుపెట్టుకుని మారుస్తారు, గేర్ ఆయిల్‌ని మర్చిపోతారు.

క్లచ్ పూర్తిగా విడిపోతే సింక్రో రింగు ఆపాల్సింది ఒక క్లచ్ ప్లేటునీ, దాని వెంటనున్న షాఫ్టునీ మాత్రమే. అది చిన్న పని. క్లచ్ కొంచెం పట్టుకునే ఉంటే మాత్రం ఆ చిన్న రింగు ఏకంగా ఇంజన్‌తోనే కుస్తీ పట్టాలి. గేరు గట్టిగా పడటం, ఫస్ట్ వేసేటప్పుడు ముక్కడం, రివర్స్‌లో కర్రుమనడం, ఇవన్నీ ఆ కుస్తీ గుర్తులు. దీన్ని కనిపెట్టడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. బండి ఆగి ఉండగా ఇంజన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ అడుగు దాకా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి, నెమ్మదిగా రివర్స్ వేయాలి. అంతసేపు ఆగాక కూడా చప్పుడు వస్తే లోపల షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట. అంటే క్లచ్ సరిగా విడిపోవడం లేదు. అప్పుడు గేర్ బాక్స్ విప్పించే ముందు క్లచ్ కేబుల్ సాగిందేమో, హైడ్రాలిక్ క్లచ్ అయితే ద్రవం కారుతోందా, లైనులో గాలి చేరిందా అని చూపించాలి. అంతకంటే ముందు పెడల్ కింద చూడాలి. బురద కాళ్లతో ఎక్కుతారని మందపాటి రబ్బరు మ్యాట్ మీద కొబ్బరి పీచు పట్టా కూడా వేసే ఇళ్లు కోనసీమలో ఉన్నాయి. పెడల్ అడుగు దాకా వెళ్లకుండా ఆ పట్టాయే అడ్డుపడొచ్చు. సీటు బాగా వెనక్కి జరుపుకుని కాలి వేళ్లతో క్లచ్ తొక్కినా జరిగేది అదే.

తొక్కినప్పుడు విడిపోని క్లచ్ గేర్ బాక్స్‌ని పాడుచేస్తే, వదిలినప్పుడు పూర్తిగా అతుక్కోనివ్వని కాలు క్లచ్‌నే కాల్చేస్తుంది. హాఫ్ క్లచ్, అంటే పెడల్ సగం తొక్కి ఉంచడం, దాని సంగతికి వద్దాం. చిన్న పెట్రోలు కారు ఫస్ట్ గేరులో, కాలు యాక్సిలేటర్ మీద పెట్టకుండా, క్లచ్ పూర్తిగా వదిలి నడిస్తే గంటకి దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇంజన్ 800 చుట్లు తిరుగుతుంటే, ఫస్ట్ గేరూ చక్రాలకి ముందుండే ఆఖరి గేర్ల జత ఫైనల్ డ్రైవూ కలిసి దాన్ని సుమారు పద్నాలుగో వంతుకి తగ్గిస్తాయి. చక్రం నిమిషానికి 55 చుట్లు తిరుగుతుంది. మనిషి నడక కంటే ఇది కాస్త ఎక్కువ. అంతకంటే నెమ్మదిగా వెళ్లాలంటే క్లచ్‌ని జారించక తప్పదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది దారిలో, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం దారిలో జనం నడక వెనకే కారు పాకిస్తే గంటల తరబడి క్లచ్ జారుతూనే ఉంటుంది. ముందు ఖాళీ ఏర్పడే దాకా న్యూట్రల్‌లో ఆగి, ఖాళీ రాగానే క్లచ్ పూర్తిగా వదిలి పది గజాలు నడిపి మళ్లీ ఆగడం మేలు. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వాలి. ప్లేటు కాలిన వాసన ఒకసారి వచ్చిందంటే దాని ఆయుష్షులో కొంత పోయినట్టే. వాసన వచ్చాక కూడా లాగించేవాళ్లు చేసే నష్టం ఇంకా పెద్దది. ఆ వేడికి క్లచ్ ప్లేటుని రెండు వైపులా నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి. ఆ మచ్చలు పడ్డ చోట కొత్త ప్లేటు వేసినా బండి అదురుతూ కదులుతుంది. జాగ్రత్తగా తోలితే క్లచ్ ప్లేటు లక్ష కిలోమీటర్లు దాటడం మామూలు విషయం. అదే కారు మోడల్‌లో ముప్ఫై వేలకే మార్పించుకునేవాళ్లూ ఉన్నారు. తేడా అంతా ఎడమ కాలిలోనే ఉంది.

ఎడమ కాలికి ఇంకో చెడ్డ అలవాటు ఉంటుంది. గేరు మార్చాక కూడా పెడల్ మీదే ఆనించి ఉంచడం. ఎంత తేలిగ్గా ఆనించినా క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగు వృథాగా తిరుగుతుంది, ప్లేటు పట్టు తగ్గుతుంది. చాలా కార్లలో పెడల్ పక్కనే కాలు పెట్టుకోవడానికి చోటు ఇచ్చేది ఇందుకే.

ఇక ఎత్తు ఎక్కడం. డెల్టాలో ఎత్తు అంటే వంతెన, గట్టు, రేవు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద, రావులపాలెం దగ్గర గౌతమి మీద వంతెన ఎక్కేటప్పుడు సంక్రాంతి రద్దీలో బండ్లు వాలు మీదే నిలిచిపోతాయి. అక్కడ బ్రేకు వదిలేసి హాఫ్ క్లచ్‌తో కారుని నిలబెట్టేవాళ్లు ఎందరో. ఇంజన్ బలమంతా ప్లేటు రాపిడిలో వేడిగా మారడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. హ్యాండ్ బ్రేకు లాగి ఆగాలి. కదిలేటప్పుడు ఫస్ట్ వేసి, క్లచ్ కాస్త వదిలి, బండి ముందు భాగం కొద్దిగా లేచినట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్ పూర్తిగా వదిలేయాలి. రెండు సెకన్లలో అయిపోయే పని.

దీనికంటే కష్టమైనది నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు. వశిష్ఠ దాటించిన పంటు మీద నుంచి రేవు వాలు ఎక్కాలి. దారి తడిగా, బురదగా ఉంటుంది. ఇక్కడ రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి, భయంతో ఇంజన్‌ని బాగా రేజ్ చేసి క్లచ్‌ని నెమ్మదిగా వదలడం, దాంతో ప్లేటు కాలడం. రెండోది తక్కువమందికి తెలుసు. ఇంజన్ ముందు చక్రాల్ని తిప్పే కార్లలో, మలుపుల్లో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా గేర్ బాక్స్‌తో కలిపి ఒకే పెట్టెలో ఉంటుంది. ఒక చక్రం గట్టి నేల మీద నిలిచిపోయి, రెండోది బురదలో గిర్రున తిరిగితే డిఫరెన్షియల్ లోపలి పినియన్లు అనే చిన్న పళ్ల చక్రాలు తమ పిన్ను మీద విపరీతమైన వేగంతో తిరుగుతాయి. మామూలు ప్రయాణంలో అవి మలుపుల్లో తప్ప దాదాపు తిరగవు. ఆ వేగానికి అక్కడ ఆయిల్ పొర నిలవదు, పిన్ను పట్టేస్తుంది. పైగా తిరుగుతున్న చక్రానికి ఒక్కసారిగా గట్టి నేల తగిలితే ఆ కుదుపంతా పళ్ల మీద పడుతుంది. అందుకే ఒండ్రు బురదలో చక్రం జారడం మొదలవగానే యాక్సిలేటర్ మీద కాలు తీసేయాలి. టైరు కింద ఎండు కొబ్బరి మట్టలు వేసి, సెకండ్ గేరులో నెమ్మదిగా లాగితే చాలాసార్లు బండి బయటపడుతుంది. మట్టలకి కోనసీమలో కొదవేముంది!

రివర్స్ గేరు గురించి విడిగా చెప్పాలి. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరి కాయల ట్రాక్టరో, స్కూలు బస్సో వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ఒక్క ప్రయాణంలో మూడు నాలుగు సార్లు ఇలా జరగొచ్చు. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. నిజంగానే ఒక పళ్ల చక్రం జరిగి మిగతా వాటిలో దూరుతుంది. కారు ఇంకా ముందుకి కదులుతుండగానే రివర్స్ వేస్తే ఆ పళ్ల అంచులు ఒకదానికొకటి కొట్టుకుని చిట్లుతాయి. ఆ ముక్కలు ఆయిల్‌లో కలిసి బేరింగుల్లోకి వెళ్తాయి. కాబట్టి బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ తొక్కాక రెండు మూడు సెకన్లు గడవాలి. తొందరగా ఉంటే ఒక చిట్కా ఉంది. క్లచ్ తొక్కే ఉంచి ముందు సెకండ్‌లో వేసి తీస్తే ఆ గేరు సింక్రో లోపలి షాఫ్టుని ఆపేస్తుంది. వెంటనే రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడుతుంది. వెనక్కి దొర్లుతున్న కారుకి ఫస్ట్ వేయడం కూడా ఇంతే చెడ్డది.

గేర్లు దించడంలో జరిగే తప్పుని అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. చిన్న కార్లలో గేరు నిష్పత్తులు, అంటే చక్రాల వైపు షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు షాఫ్టు తిరిగే చుట్లు, సుమారుగా సెకండ్‌కి 1.9, థర్డ్‌కి 1.3, ఫోర్త్‌కి 1 ఉంటాయనుకుందాం. ఫోర్త్‌లో ఇంజన్ 2000 చుట్లు తిరుగుతుండగా థర్డ్‌కి దించితే లోపలి షాఫ్టు 2600కి చేరాలి. తేడా 600. అదే నేరుగా సెకండ్‌కి దించితే 3800కి చేరాలి, తేడా 1800. రింగు మీద పడే రాపిడి భారం వేగాల తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక మూడు రెట్ల తేడాకి తొమ్మిది రెట్ల భారం. 16వ నంబరు జాతీయ రహదారి మీద నుంచి పక్క రోడ్డులోకి తిరిగేటప్పుడు చాలామంది చేసేది ఇదే. బ్రేకుతో వేగం తగ్గించుకుని, ఆ తర్వాతే సెకండ్ వేయాలి. రాడ్డు అడ్డుపడితే బలం పెట్టి తొయ్యకూడదు. కొద్దిగా ఒత్తి పట్టుకుంటే వేగాలు కలిశాక అదే జారిపోతుంది. అర సెకను ఓపిక చాలు.

గేర్ రాడ్డు మీద చెయ్యి వేసుకుని తోలడం చూడ్డానికి దర్జాగా ఉంటుంది. ఆ చేతి బరువు లోపలి ఫోర్కు ద్వారా తిరుగుతున్న స్లీవ్‌ మీద పడుతుంది. నిలకడగా ఉండాల్సిన ఫోర్కు నిరంతరం రుద్దుకుని అరుగుతుంది. అది బాగా అరిగాక గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది.

పెట్రోలు మిగులుతుందని వంతెన దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు ఈ ప్రాంతంలో బలంగా ఉంది. కార్బొరేటర్ కాలానికి అందులో కొంత న్యాయం ఉండేది. ఇంజెక్షన్ కార్లలో గేరులోనే ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే, ఇంజన్ వేగం తగినంత ఉన్నంతసేపు కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. పైగా దిగాక మళ్లీ సరైన గేరు వెతుక్కోవాలి. మైలేజీ ఆశతోనే చేసే ఇంకో తప్పు, టాప్ గేరులో 35, 40 వేగంతో వెళ్తూ యాక్సిలేటర్ అదిమి తొక్కడం. డీజిల్ కారైతే ఆ తక్కువ చుట్లలో వచ్చే కుదుపులు క్లచ్ ప్లేటు స్ప్రింగులకీ, కొన్ని మోడల్స్‌లో కుదుపులు తగ్గించడానికి ఉండే రెండు ముక్కల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌కీ, పళ్లకీ నేరుగా తగులుతాయి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోతే అయ్యే ఖర్చు ముందు ఆ మిగిలిన డీజిల్ లెక్కలోకే రాదు.

నీళ్ల సంగతి డెల్టాకి ప్రత్యేకం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ లెక్కని బట్టి లంక గ్రామాల కాజ్‌వేలు ఒక్కొక్కటే మునుగుతాయి. ప్రాణానికే ప్రమాదం కాబట్టి మునిగిన కాజ్‌వే మీదికి కారు దింపనేకూడదు. వరద తీశాక మిగిలిన మోకాలి లోతు నీళ్లలో నుంచి వెళ్లేవాళ్లు మాత్రం చాలామంది ఉంటారు. గేర్ బాక్స్ పైన బ్రీదర్ అనే చిన్న గాలి గొట్టం ఉంటుంది. బాక్స్ వేడెక్కినప్పుడు లోపలి గాలి దాని గుండా బయటికి పోతుంది. వేడి బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ మునిగి ఉన్నా, చక్రాలకి శక్తి అందించే డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు పాతబడి ఉన్నా లోపలికి వెళ్లేది నీళ్లే. ఇంజన్ బాగానే నడుస్తోంది కదా అని దీన్ని పట్టించుకోరు. నెలల తర్వాత బేరింగులు తుప్పు పట్టి కూయడం మొదలవుతుంది.

అందువల్ల చక్రాల ఇరుసు మునిగేంత నీళ్లలో కారు వెళ్లినా, ఇంటి ముందు మునిగినా గేర్ ఆయిల్ చూపించి తీరాలి. రాత్రంతా కదపకుండా ఉంచిన బండి అడుగున డ్రైన్ బోల్టు కొద్దిగా వదులు చేస్తే, నీళ్లు బరువు కనుక చేరి ఉన్న నీళ్లే ముందు కారతాయి. నడిపిన బండి అయితే ఆయిల్, నీళ్లు చిలికినట్టు కలిసిపోయి పాలు పోసిన టీ రంగులోకి వస్తుంది. అలా కనిపిస్తే ఒకసారి మార్చడం చాలదు. కొత్త ఆయిల్ పోసి కొంత దూరం నడిపి, దాన్నీ తీసేసి మళ్లీ పోయాలి. వారాల తరబడి తేమలో నిలిపేసిన కార్లలో క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుపోవడం కూడా ఉంది. క్లచ్ తొక్కినా ఏ గేరూ పడదు. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకి ఉప్పు నీళ్ల బెడద అదనం. గేర్ కేబుళ్ల చివర్లు, క్లచ్ ఫోర్కు, బాక్స్ బోల్టులు తుప్పు పడతాయి. అడుగు భాగాన్ని మంచినీళ్లతో తరచూ కడిగిస్తే చాలావరకు తప్పుతుంది.

ఆయిల్ ఎంపికలో మాత్రం కార్లవాళ్లు, కొందరు మెకానిక్కులూ కూడా పొరపడతారు. డబ్బా మీద ఆయిల్ రకం చెప్పే జీఎల్-4, జీఎల్-5 అన్న గుర్తు ఉంటుంది. అంకె పెద్దది కాబట్టి జీఎల్-5 మంచిదనుకుంటారు. అది ముఖ్యంగా వెనక ఇరుసుల్లోని పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారే హైపాయిడ్ గేర్ల కోసం తయారైంది. అందులో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు కొన్ని రకాల్లో ఇత్తడి సింక్రో రింగులకి హాని చేస్తాయి. జారుడు గుణం ఎక్కువై రింగుకి కావలసిన రాపిడి కూడా తగ్గుతుంది. యజమాని పుస్తకంలో జీఎల్-4, 75డబ్ల్యూ-80 (ఇది చిక్కదనం గుర్తు) అని రాసి ఉంటే అదే పోయించాలి. చిన్న కార్లకి పట్టేది సుమారు రెండు లీటర్లే. 40 వేల నుంచి 60 వేల కిలోమీటర్ల మధ్య ఒకసారి మార్చడం సబబు. కొన్ని కంపెనీలు జీవితాంతం మార్చక్కర్లేదంటాయి గాని, వరద నీళ్లూ బురదా తగిలే బండికి ఆ మాట నమ్ముకోకూడదు.

మార్పించేటప్పుడు ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. డ్రైన్ తీసి ఉన్న ఆయిల్ అంతా పారబోశాక ఫిల్లర్ తుప్పుతో బిగుసుకుపోయిందని తెలిస్తే కారు అక్కడే కూర్చుంటుంది. డ్రైన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే పళ్లు చిట్లాయి. ఆయిల్‌లో పసుపుపచ్చ మెరుపు కనిపిస్తే అది సింక్రో రింగు. ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు డ్యాష్‌బోర్డు మీద ఉండదు. కాబట్టి చక్రం లోపలి వైపు, డ్రైవ్ షాఫ్టు బాక్స్‌లోకి దూరే చోట జిడ్డు కనిపిస్తే వాయిదా వేయకూడదు. చాలా చిన్న కార్లలో ఐదో గేరు బాక్స్ చివర విడిగా ఉంటుంది. ఆయిల్ తగ్గితే ముందు ఎండిపోయేది అదే, అది కూడా హైవే మీద గంటల తరబడి తిరిగే సమయంలో.

చప్పుడుని బట్టి చాలా తెలుస్తుంది. న్యూట్రల్‌లో, క్లచ్ వదిలి ఉన్నప్పుడు కూత వచ్చి, తొక్కగానే ఆగిపోతే లోపలి షాఫ్టు బేరింగుని అనుమానించాలి. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు. ఒక్క గేరులోనే రొద ఉంటే ఆ జత. సెకండ్‌కి మారేటప్పుడు మాత్రమే కర్రుమంటే దాని సింక్రో. యాక్సిలేటర్ తొక్కితే ఇంజన్ చుట్లు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయింది. ఈ తేడాలు మెకానిక్‌కి చెప్పగలిగితే “బాక్స్ దించాలండీ” అన్న మాటకి ఎందుకని అడిగే వీలుంటుంది.

నిజంగానే దించాల్సి వస్తే, కూలి ఎటూ ఒకటే కాబట్టి ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోవడం తెలివైన పని కాదు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి వేయించాలి. ఫ్లైవీల్ ముఖం చూపించాలి, ఇంజన్ వెనక ఆయిల్ సీలు తడిగా ఉంటే అదీ మార్పించాలి. సీలు కారితే కొత్త ప్లేటు మీదే ఆయిల్ పడుతుంది. బిగించాక మొదటి నాలుగైదు వందల కిలోమీటర్లు బస్తాలు వేసి లాగించకుండా, ఎత్తుల మీద రేజ్ చేయకుండా నడిపితే ప్లేటు సమంగా సర్దుకుంటుంది.